గట్లెందుకని అడిగే మనిషి

చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డ మనిషిని చూస్తే నాకు ఇప్పటికీ భయం పుడుతుంది. పోయిన నెల అలంపూర్‌లో, గుడి బయట కొబ్బరికాయల కొట్టు దగ్గర ఎవరో పెద్దమనిషి అట్లాగే నిలబడి ఉన్నాడు. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, మెడ కొంచెం ముందుకు వంచి, కొట్టువాడు కాయలు పేర్చడం చూస్తున్నాడు. నాకు తెలియకుండానే కొంగు సర్దుకున్నాను. పొద్దున్నుంచి ఏం తప్పు చేశానా అని ఆలోచించుకున్నాను. ఆయన ఇటు తిరిగాక చూస్తే ముక్కూమొహం తెలియని మనిషి. మా అన్న పోయి అప్పటికే ఒక వానకాలం దాటింది. చచ్చిపోయిన మనిషికి భయపడే ఆడదాన్ని గద్వాల చుట్టుపక్కల నేనొక్కదాన్నే అయి ఉంటాను.

అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. గద్వాలలో మోటారు వైండింగ్ దుకాణం ఆయనది. కాలిపోయిన బోరు మోటార్లు విప్పి, మాడిన తీగ పీకేసి, కొత్త తీగ చుట్టి ఇవ్వడం మా పని. పనివాళ్లం అన్న అనేవాళ్లం. రైతులూ అన్న అనేవాళ్లే, ఆయనకంటే పెద్దవాళ్లు కూడా. పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు.

నేను ఆ దుకాణానికి పని కోసం పోలేదు, కొట్లాటకు పోయాను. అప్పట్లో మల్దకల్ దగ్గర మాకు కౌలుచేను ఉండేది. ఆ ఒక్క పంటకే మోటారు రెండుసార్లు కాలింది. రెండోసారి ట్రాలీ ఆటోలో వేసుకుని వచ్చి, దించీ దించకముందే మొదలుపెట్టాను. వైండింగ్ చేసినవాడి చేతుల్ని, అమ్మిన తీగని, ఆ గడప తొక్కిన నా కాళ్లని, ఎవరినీ వదల్లేదు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని అంతా విన్నాడు. నా ఊపిరి అయిపోయాక మోటారు మీదికి వంగి, ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూశాడు.

"వైండింగ్ తప్పు గాదు చెల్లె. మూడు ఫేజులల్ల ఒకటి పోయినా మోటారు ఆగకుంట నడిసింది. మీ స్టార్టర్ల కట్టెపుల్ల ఇరికిచ్చినవా?"

ఇరికించాను. మా ఊళ్లో అందరం ఇరికిస్తాం. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఎవరు పోతారు చేనికి అని బటన్ కింద పుల్ల పెట్టి కట్టేస్తాం. మోటారు తనంతట తానే ఆడుతుంది, తనంతట తానే చస్తుంది. ఆయన నా వైపు చూస్తూ, "నోరు బాగుంది. ఫోను కాడ కూసుంటవా?" అన్నాడు.

వెక్కిరిస్తున్నాడనుకున్నాను. వెక్కిరింపు ఆయనకు చేతకాదని తర్వాత తెలిసింది. ఆ ఏడు పంట పోయింది, కౌలు వదులుకున్నాం, నేను వచ్చి ఫోను దగ్గర కూర్చున్నాను. ఎండాకాలంలో మోటారు దుకాణం ఫోను ఎత్తాలంటే ఎట్లాంటి నోరుండాలో అక్కడ పనిచేసినవాళ్లకే తెలుసు. ఒకడు ఏడుస్తాడు, ఒకడు తిడతాడు, ఒకడు ఏడుస్తూ తిడతాడు. వాళ్ల భాష నాకు వచ్చు, నిన్నటిదాకా నేనూ మాట్లాడిందే. అన్న నా చేత తిట్టించుకుంటూనే బేరం చూసుకున్నాడన్నమాట.

ఇక ఆ మనిషి చేతుల సంగతి. ఆయన అంత గొప్ప పనివాడు మా దిక్కున లేడనేవాళ్లు. కానీ పక్కవాడు పని చేస్తుంటే ఆయన చేతులు వెనక్కి పోయేవి. ఊరికే పోయేవి కావు. ఒక చెయ్యి ఇంకో చేతిని పట్టి ఆపేది, కొట్లాటలో మనిషిని పట్టి ఆపినట్టు. వేళ్లు తెల్లబడేవి. మనం తీగ తప్పు గాడిలో దించుతున్నా ఆ చెయ్యి ముందుకు రాదు. అడిగేది ఒక్కటే మాట.

"గట్లెందుకు?"

ఇదే ఆయన పాఠం. తప్పు చేసినప్పుడు మాత్రమే అడిగితే సుఖంగా ఉండేది. సరిగ్గా చేసినా అడిగేవాడు. అదే గొంతు, అదే మొహం. ఎందుకట్లా చేశావో చెప్పాలి. చెప్పగలిగితే "ఊఁ" అని పక్క మనిషి దగ్గరికి పోతాడు. చెప్పలేకపోతే అక్కడే నిలబడతాడు. ఆ నిలబడటం ఉంది చూశారూ, దానికంటే చెంపదెబ్బ నయం.

"తప్పయినప్పుడే అడిగిన అనుకో, నా మొఖం జూసి దిద్దుకుంటరు. పని జూసి దిద్దుకోరు," అనేవాడు.

నాగర్‌కర్నూల్‌లో ఒక మేస్త్రి దగ్గర ఆయన పని నేర్చుకున్నాడు. నేర్చుకున్నాడు అనడం కూడా మేస్త్రికి ఎక్కువ మర్యాద. తీగ చుట్టడం అయ్యి కొసలు కలిపే వేళకు ఆ మేస్త్రి ఈయన్ని టీకి పంపేవాడట. టీ పట్టుకుని వచ్చేసరికి అతుకుల మీద టేపు చుట్టేసి ఉండేది. మోటారులో అసలు విద్య ఆ కొసల్లోనే ఉంది. కాలి వచ్చిన మోటార్ల టేపులు విప్పి చూసి, ఏ కొస ఎటు పోయిందో పసిగట్టి ఈయన నేర్చుకున్నాడు. "నేను దొంగతనంగ నేర్సుకున్న. మీరు దొరతనంగ నేర్సుకోండ్రి," అనేవాడు మాతో.

దొరతనం అంటే ఏమిటో అమావాస్యనాడు తెలిసేది. మా పక్క నేతపనివాళ్లు అమావాస్యనాడు మగ్గం మీద కూర్చోరు. మోటారు దుకాణానికి ఆ పట్టింపు లేదు, అన్న తెచ్చిపెట్టుకున్నాడు. ఆ రోజు షెట్టరు సగం దించి ఉంటుంది, బయటి పని ముట్టుకోం. ఎవరి పీట మీద వాళ్లు కూర్చోకూడదు. వైండింగ్ చేసేవాడు ఫోను దగ్గర, ఫోను ఎత్తే నేను తీగ దగ్గర. అన్న టీ పెడతాడు. ఆయన టీ తాగడమే మా అందరికీ పెద్ద శిక్ష. ఇంకొక కట్టడి కూడా ఉండేది. ఆ నెలలో ఎవరు ఏ తప్పు చేస్తే ఆ తప్పును ఆ రోజు వాళ్లే నిలబడి మిగతావాళ్లకు పాఠంగా చెప్పాలి. ఎట్లా చెయ్యాలో కాదు, ఎట్లా చెడగొట్టారో చెప్పాలి. మొదటిసారి నిలబడ్డప్పుడు సిగ్గుతో చచ్చిపోయాను. తర్వాత తర్వాత, మా జమ్మన్న బేరింగు తలకిందులుగా కొట్టిన కథ చెప్తుంటే కడుపు పట్టుకుని నవ్వేవాళ్లం. నవ్వు నవ్వే, కానీ తర్వాత ఎవరమూ బేరింగు తలకిందులుగా కొట్టలేదు.

జమ్మన్న మోటార్లు విప్పి బిగించేవాడు. రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే అది మాకు పండగ. అలాంటివాణ్ని అమావాస్య పూట ఫోను దగ్గర కూర్చోబెడితే మేం చాటున నవ్వాం. ఆ పూట ఒక రైతు ఫోను చేసి బూతులు లంకించుకున్నాడు. జమ్మన్న, "ఊఁ... ఊఁ..." అంటూ వింటూనే ఉన్నాడు. అవతలివాడు తిట్టి తిట్టి అలిసిపోయి, చివరికి, "సరేన్లే అన్న, నీకూ పరేషానే గదా," అని తనే పెట్టేశాడు. అన్న "ఊఁ" అన్నాడు. ఆ ఊఁ జమ్మన్నకా, టీ గిన్నెకా అనేది మాకు తెలియలేదు.

నా వేళ్ల సంగతి కూడా అట్లాంటి పూటే బయటపడింది. బోరు మోటారు తీగకు పైన ప్లాస్టిక్ పొర ఉంటుంది. గాడి అంచుకు గీసుకుని ఆ పొర గోరంత లేచినా, నీళ్లలో దిగాక మోటారు పని ఖతమే. నేను తీగ లాగుతుంటే మా వైండర్ తిమ్మప్ప నవ్వుతున్నాడు, ఇప్పుడు గీకుతుంది, ఇప్పుడు గీకుతుంది అని. నేను గీకలేదు. పత్తివిత్తనం చేలల్లో ఏళ్ల తరబడి క్రాసింగు చేసినదాన్ని. మొగ్గను గోటితో విప్పి, పుప్పొడి పొరంతా వలిచి, లోపలి కాడకు గోరు తగలకుండా వదిలిపెట్టాలి. తగిలితే కాయ నిలవదు, చేనాయన ఊరుకోడు. ఆ వేళ్లకు తీగ ఒక లెక్కా? అన్న వచ్చి నా వెనక నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. "గట్లెందుకు పట్టుకున్నవ్?" అన్నాడు. పత్తి పువ్వు సంగతి చెప్పాను. "ఊఁ," అన్నాడు. మర్నాటి నుంచి పొద్దంతా ఫోను, సాయంత్రం తీగ.

ఇప్పుడు తిమ్మప్ప. ఆయన్ని చెడ్డవాడనలేను. పనిలో మొనగాడు. కానీ నాగర్‌కర్నూల్ మేస్త్రి మళ్లీ పుట్టినట్టు ఉండేవాడు. కొసలు కలిపేటప్పుడు గోడవైపు తిరిగేవాడు. అమావాస్యనాడు తన పాఠం వస్తే అంతా చెప్పి, కొసల దగ్గరికి వచ్చేసరికి దగ్గు తెచ్చుకునేవాడు. "విద్దె పంచితె అన్నం సగమైతది గోవిందమ్మా," అన్నాడు నాతో ఒకసారి. ఆయన దాచినదాన్ని అన్న సుద్దముక్కతో బండల మీద గీసి మాకు చెప్పేవాడు. తిమ్మప్పను మాత్రం ఒక్క మాట అనేవాడు కాదు.

యాసంగి వరి పొట్టకొచ్చే రోజుల్లో, దుకాణం ముందు కాలిన మోటార్లు గుట్టపడి ఉన్న పొద్దున, తిమ్మప్ప వచ్చి, వనపర్తిలో వేరే దుకాణంలో కుదిరానని చెప్పాడు. ఆ రోజే పోతానన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అన్న లోపలికి పోయి, తిమ్మప్ప రోజూ వాడే కటింగ్ ప్లేయర్ తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

"మన కడుపు గొట్టి పోతుంటే సామాను గూడ ఇచ్చి పంపుతవా అన్నా?" అన్నాను, తిమ్మప్ప ముందే.

"ఆయన చెయ్యి దానికి అలవాటైంది చెల్లె," అన్నాడు. తిమ్మప్ప తల వంచుకుని పోయాడు.

అన్న పీట మీద కూర్చుంటాడు, ఈ గండం గట్టెక్కుతుంది అనుకున్నాను. ఆయన కూర్చోలేదు. చిన్న మోటార్లు జమ్మన్నకు, నాకు పంచాడు, ఫోను కూడా జమ్మన్న చెవికే తగిలించాడు. తాను మాత్రం ఇద్దరి మధ్యా తిరుగుతూ గట్లెందుకు, గట్లెందుకు అని మా ప్రాణం తీస్తున్నాడు. "నువ్వు జర కూసోరాదన్నా!" అంటే, "నేను కూసుంటె దినానికి ఒక మోటారు లేస్తది. మీకు పని వస్తె మూడు లేస్తయి," అన్నాడు. లెక్క బాగానే ఉంది. బయట గుట్ట మాత్రం తరగడంలేదు.

ఆ వారంలోనే అలంపూర్ దిక్కు నుంచి పెద్ద మోటారు వచ్చింది. తుంగభద్రలో నుంచి నీళ్లు ఎత్తిపోసే మోటారు. కొన్ని కుటుంబాలు కలిసి పెట్టుకున్నది. దాని కింద ఉన్న వరంతా పొట్టమీద ఉంది. వెంట వచ్చిన పెద్దాయన తలకు చుట్టిన తువ్వాలు కూడా తీయకుండా దుకాణం మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"ఎల్లుండి లోపల తడి అందకపోతే కంకి తాలుపోతది. జర దయపెట్టుండ్రి," అన్నాడు.

అన్న మోటారు వాసన చూశాడు, చుట్టూ తిరిగాడు, నా వైపు చూపించాడు. "ఈమె చేస్తది."

పెద్దాయన నన్ను చూశాడు. నేను అన్నను చూశాను. అంత పెద్ద మోటారు నా చేతికి ఎప్పుడూ రాలేదు. పెద్దాయన మెల్లగా లేచి, "నువ్వు చెయ్యవా అన్నా? ఆడమనిషి ఏమన్న..." అన్నాడు.

"ఆమెనే చేస్తది," అన్నాడు అన్న.

నాకు గర్వం కలగలేదు. ఇది చెడితే నా పని పోతుంది, అది పెద్ద సంగతి కాదు. వాళ్ల వరి పోతుంది. పంట పోయిన ఇంట్లో పొయ్యి ఎట్లా మండుతుందో నేను చూసినదాన్ని. ఆ పెద్దాయన ఎదురుగా కూర్చుని, తన మోటారు నా చేతుల్లో ఉందని చూస్తున్నాడు.

తీగ దించడం బాగానే జరిగింది. నా వేళ్లు నా మాట విన్నాయి. మర్నాడు పొద్దెక్కేసరికి కొసల దగ్గరికి వచ్చాను. మొదలేదో కొస ఏదో గుర్తులు పెట్టుకుని, సుద్దబొమ్మ మనసులో నిలుపుకుని, ఒక్కొక్కటే కలుపుతున్నాను. ఒక జట్టు కొసలు కలిపి టేపు తీయబోతుంటే వెనక నుంచి వచ్చింది.

"గట్లెందుకు?"

చెప్పడానికి నోరు తెరిచాను. ఎప్పుడూ వచ్చే మాటే, ఆ రోజు రాలేదు. మెట్టు మీద పెద్దాయన, బయట మోటార్ల గుట్ట, ఆగకుండా మోగుతున్న ఫోను, వెనక ఆ మనిషి. తిరిగి చూశాను. మణికట్టు మీద వేళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. అంత గట్టిగా పట్టుకున్నాడంటే నేను తప్పు చేసినట్టే అనుకున్నాను. విప్పేశాను. మొదలు, కొస తారుమారు చేసి మళ్లీ కలిపాను. ఆయన ఏం అనలేదు. నేను టేపు చుట్టాను.

నీళ్ల తొట్లో నానబెట్టి, బిగించి, మధ్యాహ్నం దాటాక కరెంటు ఇచ్చాం. మోటారు తిరగాల్సిన చోట గుర్రుమంది. ఆంప్స్ చూపే ముల్లు ఆ చివరికి పోయి కొట్టుకుంటోంది. జమ్మన్న ఫోను పడేసి పరిగెత్తి స్విచ్చు ఆపాడు. కాలిన వాసన నా ముక్కుకు కూడా తెలిసింది, అన్న ముక్కు దాకా అక్కర్లేదు. పెద్దాయన మెట్టు మీద నుంచి లేచి, మళ్లీ కూర్చున్నాడు.

అన్న వంగి టేపు విప్పించాడు. చూశాడు. "ముందు కలిపింది రైటు. ఎందుకు మార్చినవ్?"

అంతే, నాలో ఏదో తెగింది. రైతుల ముందు, దారిన పోయేవాళ్ల ముందు, మొదటి రోజు ఎట్లా అరిచానో అంతకు రెండింతలు అరిచాను.

"రైటని తెలిసి నోరు మూసుకున్నవా? మార్చేటప్పుడన్న చెప్పొచ్చు గదా! వాళ్ల వరి తోటి నాకు పాఠం చెప్తవా అన్నా? గా పెద్దాయన మొఖం జూసినవా నువ్వు?"

"మార్చుతుంటె నీకేదన్న లెక్క ఉందేమో అనుకున్న. నీకు పని వచ్చు. వచ్చు గనకనే నీకిచ్చిన."

"వచ్చని నాకెట్ల తెలుస్తది? ఒక్కనాడన్న చెప్పినవా? నువ్వు ఆ చేతులు ఎనక కట్టుకుని నిలబడితె నాకు నా పేరే యాదికుండదు! ఈ మోటారు పోయినంక నేనూ పోత. ఇంకో తిమ్మప్పను ఎతుక్కో."

ఆయన మొహం అట్లా ఎప్పుడూ చూడలేదు. కోపం కాదు. దారి తప్పిన మనిషిలా ఇటూ అటూ చూశాడు. చేతులు ముందుకు తెచ్చాడు, ఏం చెయ్యాలో తెలియక మళ్లీ వెనక్కి పెట్టుకున్నాడు. తర్వాత పెద్దాయన దగ్గరికి పోయి, "నా తప్పు. రేపు పొద్దున్నకు మీ మోటారు నదిల ఉంటది," అని చెప్పి, దుకాణం బయటికి నడిచి ఎదురుగా ఉన్న ఆటోల వరసలో నిలబడ్డాడు. అక్కడి నుంచి నా పని కనబడదు.

ఉడికిపోయిన జట్టు తీగ పీకేసి, కొత్తది దించాను. కళ్లలో నీళ్లు వస్తున్నాయి, ఏడుపువి కాదు, కోపంవి. కొసల దగ్గరికి వచ్చేసరికి వెనక ఎవరూ లేరు. ఆ మాట నన్ను నేనే అడుక్కున్నాను, జవాబు కూడా నేనే చెప్పుకున్నాను, పైకే. పెద్దాయన వింటున్నాడు, అర్థమైనట్టు తల ఊపుతున్నాడు. కలిపాను. టేపు చుట్టాను. మళ్లీ నానబెట్టి, పొద్దు వాలకముందే కరెంటు ఇచ్చాం. మోటారు ఒక్కసారి ఊపిరి పీల్చి, సాఫీగా తిరిగింది. ముల్లు ఉండాల్సిన చోట నిలబడింది. ఆంప్స్ చదివి వినిపించింది జమ్మన్న. ఆ నాలుగు మాటల మనిషి రెండుసార్లు చదివాడు.

మర్నాడు పొద్దున్నే నేనే ట్రాలీ ఆటోలో మోటారు వెంట పోయాను. అన్నను రమ్మని పిలవలేదు, ఆయన వస్తాననలేదు. నదిలో దించి స్విచ్చు వేసేసరికి పైపు ముందు గాలి కక్కింది, తర్వాత బురద కక్కింది, ఆ తర్వాత నీళ్లు వచ్చాయి. పెద్దాయన చెప్పులు విప్పి కాలువలో నిలబడ్డాడు. "సల్లగుండు బిడ్డా," అన్నాడు. తిరిగి వస్తుంటే దారి పొడుగునా ఒకటే ఆలోచన. పని వచ్చినట్టే కదా, ఇక ఈ అన్నకే గులాంగిరీ ఎందుకు? వనపర్తిలో తిమ్మప్పను తీసుకున్నవాళ్లు నన్నూ తీసుకుంటారు.

అమావాస్య దాకా ఆగాను. చెప్పి పోవాలి కదా. ఆ మధ్య రోజుల్లో అన్న నా పీట దగ్గరికి రాలేదు, ఏ మాటా అడగలేదు. అమావాస్య పొద్దున నా సంచి సర్దుకుని, నా టిఫిను గిన్నె, పాత చీర ముక్క అందులో వేసుకుని పోయాను. షెట్టరు సగం దించి ఉంది. టీ అప్పుడే మాడింది. ఆ నెల తప్పు నాదే కాబట్టి నిలబడి చెప్పాను. "కొసలు రైటుగనే కలిపిన. అన్నకు భయపడి మార్చిన. మోటారు గుర్రుమంది. గంతే," అన్నాను. అందరం కలిపి ముగ్గురమే ఉన్నాం, ఆ ముగ్గురిలో ఒకడు జమ్మన్న, నవ్వేవాళ్లు ఎవరు?

అన్న టీ గిన్నె కింద పెట్టి లేచాడు. ఆయన ఏ అమావాస్యనాడూ పాఠం చెప్పడానికి నిలబడలేదు. ఆయన తప్పులు మాకు దొరికేవి కావు.

"గది సగం తప్పు. కడమది నాది," అన్నాడు. "తిమ్మప్ప ఇన్నేండ్లు చేసిండు నా కాడ. గంత మంచి పనోడు. ఒక్కదినం గూడ నీ పని బాగుందని చెప్పలే నేను. చెప్పకున్నా తెల్వదా అనుకున్న. వనపర్తోళ్లు ఒక్కపాలి వచ్చి నీ అసుంటి వైండరు లేడన్నరంట. పోయిండు. నిన్న ఫోన్ చేసి అడిగితె గదే చెప్పిండు." టీ గిన్నెను కాలితో పక్కకు జరిపాడు. "మేస్త్రి నాకు చెప్పలే, గందుకు నాకు చెప్పుడు రాదు. గట్లెందుకు అనుడు వచ్చింది, బాగుంది అనుడు రాలే. నోట్ల నుంచి రాదు. మీకు తెలిస్తె నేర్పుండ్రి."

జమ్మన్న లేచి, తాను ముందు రోజు బిగించిన మోటారును దొర్లించుకొచ్చి అన్న ముందు పెట్టాడు. "దీన్ని జూసి అనన్నా," అన్నాడు.

అన్న దాన్ని చుట్టి చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "బాగ..." అన్నాడు. బోల్టు వైపు కన్ను పోయింది. "ఈ బోల్టు గట్లెందుకు?"

జమ్మన్న నవ్వాడు, నేనూ నవ్వాను, ఆపుకోలేకపోయాను. అన్న నవ్వలేదు. ఆయనకు నిజంగా చెమట పట్టింది. ఏ మోటారు ముందూ నేను అట్లా చూడలేదు ఆయన్ని. ఇన్నాళ్లు నా మీద నిలబడి నన్ను వణికించిన మనిషి, ఒక చిన్న మాట ముందు వణుకుతున్నాడు. నాకు జాలి కలిగింది. ఆ జాలి మీద నాకే కోపం వచ్చింది. లేచి నేను చుట్టిన మోటారు తెచ్చి పెట్టాను.

ఆయన వంగి, తీగ వెంట కన్ను పెట్టి, ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. "మంచిగనే ఉంది గని..." అన్నాడు.

"గని తీసెయ్," అన్నాను.

ఆ గనిని మింగాడు. "బాగుంది," అన్నాడు, మోటారుతో.

"మోటారుకు తెలుసు. నాకు చెప్పు."

తలెత్తి నా వైపు చూశాడు. చిన్న పిల్లవాడు ఎక్కం అప్పజెప్పినట్టు, ఆగి ఆగి, "నీ పని బాగుంది చెల్లె. నాకంటె బాగుంది," అన్నాడు.

రెండో మాట ఎవరూ నేర్పలేదు. మాట్లాడితే ఏడుస్తానని భయం వేసి, చెయ్యి చాపి షెట్టరు తాళంచెవి అడిగాను. ఎందుకని ఆయన అడగలేదు. ఇచ్చాడు. మర్నాడు పొద్దున నేనే వచ్చి తెరిచాను.